కనుమ దారిలో స్నేహధర్మము

కొండదారిలో బండి ఆగిపోయిన కథ చెప్పువారు సాధారణముగా అది ఆగిన చోటునుండియే మొదలుపెట్టుదురు. ఏ మలుపుకడ ఆగినది, ఎంతసేపు నిలువవలసి వచ్చినది, ఏ లారీ డ్రైవరు దయ తలచినాడు, మెకానిక్ ఎంత పుచ్చుకొన్నాడు అనునవే ఆ కథలో ముఖ్యాంశములు. నిదానించి విచారించినచో, ఇంజను పొగలు క్రక్కిన క్షణమునకు చాల ముందే వేడిని చూపు ముల్లు పైకి జరిగియుండును. బ్రేకు మెత్తబడుటకు పూర్వమే కాలిన వాసన ముక్కునకు సోకియుండును. ప్రక్కన కూర్చున్న మిత్రుడు దానిని గమనించియు, ఏమనుకొనునో యని ఊరకుండును. తోలుచున్నవాడు తానును గమనించి, ఇతడు బెదరిపోవునేమో యని ఊరకుండును. బండి ఆగుటకు యంత్రదోషము ఎంత కారణమో ఈ ఇద్దరి మౌనమును అంతే కారణము. యంత్రదోషమును సవరించుటకు మెకానిక్ ఉన్నాడు. మౌనదోషమును సవరించుకొనవలసినవారు మిత్రులే. ఈ అధ్యాయమునకు ఆ రెండవ దోషమే విషయము. అయినను బండి గుణదోషములు కొంత తెలియనిదే నోరు తెరచి చెప్పవలసిన వేళ ఏదో తెలియదు గనుక, యంత్రవిషయములను గూడ కావలసినంత మేరకు ఇందు చేర్చుచున్నాను.

నల్లమలలో శరత్తు

మార్కాపురము, కంభము, గిద్దలూరు, దోర్నాల ప్రాంతములవారికి కనుమ దాటుట కొత్త కాదు. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. అందువలన కచేరీ పనులకును, బంధుత్వములకును, బేరసారములకును కొండ ఆవలికి పోయివచ్చుట తాతల నాటినుండి ఉన్నదే. గిద్దలూరు నుండి దిగువమెట్ట, పచ్చర్ల, గాజులపల్లెల మీదుగా నంద్యాలకు ఒక దారి. దోర్నాల నుండి తుమ్మలబైలు, శిఖరముల మీదుగా శ్రీశైలమునకు సుమారు 50 కిలోమీటర్ల దారి మరియొకటి. అదే దోర్నాల నుండి రోళ్లపెంట మీదుగా ఆత్మకూరునకు ఇంకొకటి. వైశాఖ జ్యేష్ఠములలో ఆకు రాల్చి మోడువారియుండు ఈ అడవి, ఆశ్వయుజ కార్తికములు వచ్చుసరికి పచ్చగా నిగారించును. వాగులు పారును. రాచర్ల వైపున నెమలిగుండముకడ గుండ్లకమ్మ కొండల నడుమ నిండుగా కనబడును. బాట ప్రక్కల సీతాఫలముల గంపలు వెలయును. సెలవు దొరికిన ఇద్దరు మిత్రులకు, ఒక పూట కొండలోనికి పోయివత్తమను బుద్ధి పుట్టుటకు ఇంతకంటె అనువైన కాలము లేదు.

అయితే ఈ సొగసైన కాలమే కనుమ ప్రయాణమునకు జాగరూకత ఎక్కువ కావలసిన కాలము. బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టి, ఒక్క రాత్రిలో కుండపోతగా కురిసిపోవుట అక్టోబరు, నవంబరు మాసములలో ఈ జిల్లాకు పరిపాటి. నల్లమల కొండలలో గట్టి క్వార్ట్‌జైటు రాయియు, పొరలు పొరలుగా విడిపోవు షేలు, పలకరాయియు కలిసియుండును. భూగర్భశాస్త్రజ్ఞులు వీనిలో ఒక శిలాసముదాయమునకు కంభము పేరే పెట్టినారు. మార్కాపురము పలకలుగా బడిపిల్లల చేతికెక్కినది ఈ జాతి రాయియే. వాననీరు ఆ పొరల సందులలో దిగినపుడు పైరాయి సడలి బాటమీదికి జారును. కనుక వాన వెలసిన మరునాడు, తొలిచిన కొండగోడ క్రింద బండి నిలుపుట క్షేమము కాదు. మరియు కార్తికమున పగలు కురచ. ఐదున్నర దాటిన కొలది సేపటికే చీకటి పడును. అడవిలో అంతకంటె ముందే వెలుతురు తగ్గును.

వీనికి తోడు ఈ దారులు 1983లో ప్రాజెక్టు టైగరు క్రిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యములో సాగునవి. శ్రీశైలము దారిలో రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అటవీశాఖ గేట్లు మూసియుంచును. వేళలు మారవచ్చును గనుక చెక్‌పోస్టులో అడిగి తెలిసికొనుట మేలు. గూడెములు, గుళ్లు, చెక్‌పోస్టులు తప్ప నడుమ ఊరు లేదు. చాల దూరము ఫోను సిగ్నలు అందదు. మెకానిక్ షెడ్డు కావలెనన్న దోర్నాలకో, మార్కాపురమునకో, గిద్దలూరునకో, కొండ ఆవలనున్న నంద్యాలకో పోవలసినదే. మైదానమున పది నిమిషములలో తీరిపోవు చిన్న లోపము ఇచ్చట ఒక పూటను, ఒక్కొక్కసారి ఒక రాత్రిని మ్రింగును. అందుచేత మైదానమున చెల్లు మొహమాటము కనుమలో చెల్లదు.

మౌనము పుట్టు విధము

ఇద్దరు మిత్రులు దోర్నాల దాటి కొండ ఎక్కుచున్నారని ఊహింతము. కారు ఒకనిది; రెండవవాడు అతిథి. తుమ్మలబైలు దాటిన కొంతసేపటికి ఇట్టి సంభాషణ జరుగును.

"బావా, ఏందో కాలిన వాసన వస్తా ఉంది."

"ముందు పోయే లారీది లే బావా. ఈ ఘాట్‌లో ఇదంతా మామూలే."

"ఆఁ, అంతేలే."

ఈ మూడు మాటలలోనే ఆ దినపు ప్రయాణము చెడిపోవుటకు కావలసిన దినుసులన్నియు ఉన్నవి. అడిగినవానికి సందేహము తీరలేదు; అయినను "అంతేలే" అన్నాడు. ఏల? కారు తనది కాదు. పెట్రోలు పోయించినది తాను కాదు. పదిమంది మెచ్చుకొన్న బండిని గూర్చి తాను శంకించినచో మిత్రుడు చిన్నబుచ్చుకొనునేమో యను భయము. ఇది తోడువాని మొహమాటము. బదులు చెప్పినవానికిని సందేహము లేకపోలేదు. కాని మిత్రుని యెదుట బండి దిగి బానెట్ ఎత్తుట తన నైపుణ్యమునకు లోపమని తోచినది. ఇది చోదకుని అభిమానము. వీరిద్దరికిని సమానముగా ఉన్న ఇంకొకటి గలదు. చాల దినములకు దొరికిన సంతోషము, పాటలు సాగుచున్నవి, చిన్ననాటి ముచ్చట్లు మంచి పట్టుమీద ఉన్నవి, ఆ సంతోషమును ఒక అనుమానపు మాటతో భంగపరచుటకు మనసొప్పదు. ఇది ఉల్లాసము కప్పిన మౌనము. అన్నిటికంటె మోసకారి యిదియే, ఏలయన దీనిలో ఎవరికిని తాము తప్పు చేయుచున్నామను స్ఫురణ యుండదు.

మన సమాజమున మొహమాటము ఒక సుగుణముగానే పెరిగినది. ఇంటికి వచ్చినవాడు కూరలో ఉప్పు తక్కువయినను చెప్పడు, చెప్పకుండుటయే మర్యాద. ఆ మర్యాదకు నష్టము స్వల్పము గనుక అది శోభించును. ఎచ్చట చెప్పకపోవుటవలన ఎదుటివానికే హాని కలుగునో అచ్చట అదే మర్యాద ద్రోహముగా పరిణమించును. కంభము చెరువును చూచినవారికి ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు. విజయనగర రాజుల కాలమున రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిలిపిన ఆ మహాజలాశయము, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడముగా గుర్తించువరకు, ఇన్ని శతాబ్దములు నిలిచినదన్న, కట్ట బలము ఒక్కటియే దానికి కారణము కాదు. మిక్కిలి నీటిని వేళకు విడిచిపెట్టు అలుగు ఉండుట గూడ కారణము. స్నేహమునకు అలుగు వేళకు చెప్పిన మాట. అది లేనిచోట నీరు కట్టమీదనే పొర్లును.

బయలుదేరుటకు ముందటి ఒప్పందము

మొహమాటమును కొండమీద జయింపజూచుట ఆలస్యము. ఇంటియొద్ద, కాఫీ త్రాగుచున్నపుడే దానిని తొలగించుకొనవలెను. అందుకు ఉపాయము ముందుగా ఒప్పుకొన్న మాట. ప్రయాణమునకు పూర్వము ఇద్దరును నాలుగు విషయములు స్పష్టముగా అనుకొనవలెను.

మొదటిది, ఆపుమనుటకు ఇద్దరికిని సమానాధికారము. కారు ఎవరిదైనను, స్టీరింగు ఎవరి చేతనున్నను, ఏ ఒక్కడు "ఆపు" అన్నను మంచి చోటు చూచి ఆపవలసినదే. అనుమానము అబద్ధమని తేలినచో నవ్వరాదు, ఎత్తిపొడువరాదు. పది పర్యాయములు ఊరక ఆపిన నష్టము పది నిమిషములు. పదునొకండవ పర్యాయము ఆపకపోయిన నష్టము చెప్పనలవి కాదు. రెండవది, మరలవలసిన వేళ. ఎచ్చటికి చేరినను చేరకున్నను మధ్యాహ్నము ఇన్ని గంటలకు వెనుదిరుగవలెనని ముందే నిర్ణయించినచో, కొండమీద "ఇంకొక్క మలుపు" అను కోరికతో వాదింపనక్కరలేదు. మూడవది, ఖర్చు. బండికి ఏమైనను మరమ్మతు చెరిసగము అని ముందే అనుకొన్నచో, తోడువాడు తన సందేహమును చెప్పుటకు జంకడు. యజమాని షెడ్డుకు తీసికొనిపోవుటకు వెనుకాడడు. నాలుగవది, ఇంటివారికి వార్త. ఏ దారిని పోవుచున్నారో, ఏ వేళకు ఫోను చేయుదురో, ఆ వేళ దాటినచో ఎవరిని అడుగవలెనో ఇంటిలో ఒకరికి చెప్పి పోవలెను.

ఇదిగాక బండిని చూపించుకొనుట ఉన్నది. పండుగనాడు ఉదయము కాక, రెండు దినములు ముందుగా మార్కాపురములోనో గిద్దలూరులోనో తెలిసిన షెడ్డునకు పోయి, కూలెంటు మట్టము, రేడియేటర్ గొట్టములు, ఫ్యాను, బెల్టు, బ్రేకు నూనె, బ్యాటరీ మొనలు, నాలుగు చక్రములతో పాటు స్టెప్నీలోని గాలి చూపవలెను. స్టెప్నీ ఉన్నదనుకొనుట వేరు, దానిలో గాలి ఉన్నదని ఎరిగియుండుట వేరు. జాకీ, చక్రపు పానా, టార్చి, ఎర్రని హెచ్చరిక త్రికోణము, లాగుటకు త్రాడు, త్రాగునీరు గాక రేడియేటర్‌కు వేరుగా నీరు, కొన్ని చపాతీలో పులిహోర పొట్లమో, ఫోనుకు మరియొక ఛార్జరు, చిల్లర నోట్లు ఇవి డిక్కీలో ఉన్నచో సగము భయము ఇంటిలోనే తీరిపోవును.

బండి ముందుగా చెప్పు సూచనలు

కనుమలో కారు ఏల అలయును? నల్లమలలో గాలి పలుచబడుట దానికి కారణము కాదు. శ్రీశైలము సముద్రమట్టమునకు నాలుగు వందల మీటర్లకు కొంచెము పైనున్న స్థలము, హిమాలయముల వంటి ఎత్తు కాదు. ఏటవాలు, వంకరలు, ముందు పోవు బరువు లారీలు, కార్తిక సోమవారముల రద్దీ, వీనివలన బండి తక్కువ వేగముతో, తక్కువ గేరులో, ఎక్కువ శ్రమతో చాలసేపు నడచును. ఇంజను పుట్టించు వేడి ఎక్కువ. రేడియేటర్‌కు ఎదురుగా తగులు గాలి తక్కువ. ఏసీ నడచుచున్నచో భారము మరింత. ఈ సంగతి తెలిసినవాడు ముల్లు మామూలు చోటు దాటి కదలుట చూడగానే ఏసీ కట్టివేయును. వెడల్పు చోటు కనబడగానే ఆపును. ఆపుటకు చోటు దొరకువరకు లోపలి హీటరును పూర్తిగా తిప్పి అద్దములు దించినచో, ఇంజను వేడిలో కొంత లోపలికి వచ్చి దానికి ఉపశమనము కలుగును. మనకు చెమట పట్టినను నష్టము లేదు.

వాసనలు గూడ భాషించును. ఎక్కుడులో ముందు లారీ వెనుక సగము క్లచ్ నొక్కి ప్రాకినచో క్లచ్ కాలిన ఘాటైన వాసన వచ్చును. కొంతసేపు ఆగి చల్లార్చి, తరువాత లారీకి దూరమిచ్చి కదలిన తీరిపోవచ్చును. కూలెంటు కారినచో కొంచెము తియ్యని వాసన తగులును. దిగుడులో వచ్చు కాలిన వాసన బ్రేకులది. దీనిని ఎంతమాత్రమును ఉపేక్షింపరాదు. దిగునపుడు కాలు బ్రేకుమీదనే ఉంచినచో అవి మితిమీరి వేడెక్కి పట్టు విడుచును. పాతబడి తేమ పీల్చిన బ్రేకు నూనె ఆ వేడికి మరగి ఆవిరి కాగా, పెడలు మెత్తగా లోనికి దిగిపోవును. అందుకే అనుభవజ్ఞులైన డ్రైవర్లు ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనని చెప్పుదురు. పెట్రోలు కలిసివచ్చునని న్యూట్రల్‌లో దింపువారు కొందరు గలరు. ఇంజను కట్టివేసి దింపు సాహసికులును లేకపోలేదు. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు శక్తి ఒకటి రెండు నొక్కులతో హరించిపోవును, స్టీరింగు బరువెక్కును. నాలుగు రూపాయల పెట్రోలునకు ఇద్దరి ప్రాణములు తాకట్టు పెట్టుట మిత్రధర్మము కాదు. ఇట్టి వేళ ప్రక్కనున్నవాడు మొహమాటము విడిచి గట్టిగా వారింపవలెను.

ఆగిన తరువాత

ఇంత జాగ్రత్తపడినను బండి ఆగవచ్చును. అపుడు చేయవలసిన పనులకు ఒక క్రమము గలదు. ముందు మనుష్యులు, తరువాత చోటు, ఆ తరువాతనే బండి. మనవారిలో చాలమంది దీనిని తలక్రిందులు చేసి, దిగీదిగకముందే బానెట్ ఎత్తి దానిలో తల దూర్చుదురు. వెనుకనుండి మలుపు తిరిగి వచ్చు బస్సునకు వారి వీపు మాత్రమే కనబడును.

బండి ఇంకను జారగలుగుచున్నచో మలుపు దాటించి, ఇరువైపుల కనబడు చోట ఎడమ అంచున నిలుపవలెను. నాలుగు ఇండికేటర్లు వెలిగించి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. త్రికోణమును బండికి ప్రక్కనే కాక, మలుపునకు ఆవల, వచ్చువారికి ముందుగా కనబడునట్లు ఉంచవలెను. రాళ్లు పెట్టినవారు పోవునపుడు తీసివేయవలెను. బండి కదలినదను సంతోషములో నడిబాటన విడిచిన రాయి ఆ రాత్రి ఒక మోటారుసైకిలు వానిని పడగొట్టును. మనుష్యులు లోయ అంచున కాక, కొండచరియ క్రింద కాక, బాటకు దూరము జరిగి నిలువవలెను. అడవిలోనికి మాత్రము పోరాదు. 2024లో పచ్చర్ల పరిసరములలో ఒక మహిళ చిరుత వాతబడి మరణించినది. ఎలుగుబంట్లు కూడ ఈ కొండలలో ఉన్నవి. నీటికనియు, బహిర్భూమికనియు ఒంటరిగా పొదల వైపు నడచుట కూడదు. కోతులకు తినుబండారములు చూపుటయు కూడదు.

ఇంజను వేడెక్కి ఆగినచో మొదటి ఔషధము ఓర్పు. రేడియేటర్‌లోని నీరు ఒత్తిడిలో నుండుటవలన నూరు డిగ్రీలు దాటినను మరుగక నిలిచియుండును. మూత విప్పగానే ఆ ఒత్తిడి పోయి, నీరు ఒక్క క్షణమున ఆవిరియై పైకి ఎగయును. ముఖములు, చేతులు కాల్చుకొనినవారు ఇట్లే కాల్చుకొన్నారు. అరగంటకు తక్కువ కాకుండ ఆగి, చేతితో తాకగలిగినంత చల్లబడిన పిదప, మందపు గుడ్డతో మూతను కొంచెము కొంచెముగా త్రిప్పవలెను. మరగు ఇంజనులో చల్లని నీరు గ్రుమ్మరింపరాదు, లోహము పగులవచ్చును. నీరు పోసిన వెంటనే క్రిందికి కారిపోవుచున్నచో గొట్టము చెడినదని యర్థము; అపుడు స్వయంవైద్యము మాని సహాయమునకై చూడవలెను.

చక్రము పంక్చరైనచో బాట సమముగా ఉన్న చోటనే జాకీ ఎత్తవలెను. చక్రము నేలమీద ఉండగానే నట్లు ఒక చుట్టు వదులు చేసి, తరువాత ఎత్తి, స్టెప్నీ వేసి, నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగింపవలెను. ఎత్తిన బండి క్రింద కాలు గాని చేయి గాని పెట్టరాదు.

సహాయము కోరుటలో గూడ పద్ధతి కలదు. ఫోనులో మన కంపెనీ సిగ్నలు లేకున్నను, అందుబాటులోనున్న వేరొక సంస్థ టవరు ద్వారా 112కు పోవు అవకాశము గలదు. కనుక ఒకమారు ప్రయత్నింపక నిరాశ చెందరాదు. జాతీయ రహదారులమీద 1033, గాయములైనచో 108 అందరు ఎరిగినవే. ఫోను పూర్తిగా మూగబోయినచో ఈ దారులలో నమ్మదగిన దూత ఆర్టీసీ బస్సు. డ్రైవరునకో కండక్టరునకో నోటిమాటగా కాక, కాగితముమీద బండి రంగు, నంబరు, ఆగిన చోటు, కిలోమీటరు రాయి అంకె, లోపము, కావలసిన సాయము వ్రాసి యిచ్చి, తరువాతి చెక్‌పోస్టులో అందజేయుమని వేడవలెను. నోటిమాట మలుపు మలుపునకు మారును. వ్రాసిన మాట మారదు. గిద్దలూరు–నంద్యాల దారిలోనైనచో రైలుమార్గము గూడ ఈ కొండలలోనుండియే పోవుచున్నది. దిగువమెట్ట స్టేషను సమీపమున ఆగినవారు ఆ ఆశ్రయమును మరువరాదు.

ఒకడు బస్సెక్కి మెకానిక్‌కై పోవుట, రెండవవాడు బండికడ నిలుచుట పగటివేళ మంచిదే. చీకటి పడుటకు ముందు తిరిగి రాలేనంత దూరమైనచో ఇద్దరును కలిసియే ఉండుటయో, బండికి తాళము వేసి ఇద్దరును కలిసియే పోవుటయో మేలు. బండి పోయినను మరల కొనవచ్చును. రాత్రి లోపలనే గడపవలసి వచ్చినచో అద్దము కొంచెము దించి, ఇంజను కట్టివేసి పడుకొనవలెను; నిలిచిన బండిలో ఏసీ నడుపుచు అద్దములు బిగించి నిద్రించినవారు విషవాయువుచే మరణించిన సందర్భములు గలవు.

నిరీక్షించు వేళ నాలుక

మెకానిక్ వచ్చువరకు గడచు రెండు మూడు గంటలే ఈ అధ్యాయమునకు అసలైన పరీక్ష. ముందు మాటాడవలసినపుడు మూసికొన్న నోళ్లు ఇపుడు తెరచుకొనును. "నేను అప్పుడే అనుకొన్నా" అను మాట ఇపుడు వెలువడును. అనుకొన్నవాడు అప్పుడే అనియుండవలెను. అప్పుడు అననివానికి ఇప్పుడు అను హక్కు లేదు. "కొత్త టైర్లు వేయించమని మీ ఇంట్లో చెప్పనే చెప్పారట గదా" అను మాట అంతకంటె చెడ్డది. అది మిత్రుని ఇంటివారిని గూడ లోయ అంచునకు ఈడ్చుకొనివచ్చును. తప్పెవరిదను విచారణ అవసరమే. కాని అది ఇల్లు చేరి, స్నానము చేసి, భోజనము చేసిన పిదప జరుగవలసిన విచారణ. ఆకలిమీద, చెమటమీద తీర్చిన తీర్పులలో న్యాయము తక్కువ.

ఆ గంటలను పనిలో పంచుకొనుట ఉత్తమము. ఒకడు వచ్చిపోవు బండ్లను హెచ్చరించుట, రెండవవాడు సామాను, నీరు, ఫోను బ్యాటరీ చూచుకొనుట, కొంతసేపటికి మార్చుకొనుట. పని ఉన్న చేతికి కోపము తక్కువ. పని లేనపుడు మాటాడుకొనుడు. ఇంటిలో టీవీ, ఆఫీసులో పని, ఊరిలో జనము అడ్డుపడి ఇన్నాళ్లు చెప్పుకొనలేకపోయిన విషయములు చెప్పుకొనుటకు ఇంత నిరాటంకమైన చోటు దొరకదు.

సహాయము చేసినవారి యెడల మర్యాద గూడ ఇచ్చటనే చెప్పవలెను. నిలిచి త్రాడు వేసి లాగిన లారీ డ్రైవరు తన వేళను కోల్పోయినాడు. గూడెమునుండి నీరు తెచ్చియిచ్చిన చెంచు యువకుడు తన పనిని విడిచి వచ్చినాడు. వారి శ్రమకు తగిన ద్రవ్యమును, అడుగకముందే, రెండు చేతులతో గౌరవముగా ఇయ్యవలెను. పుచ్చుకొననిచో పేరు, ఊరు అడిగి తెలిసికొని నమస్కరించి రావలెను. అడవిని తరతరములుగా ఎరిగిన చెంచులను వింతవస్తువులవలె నిలిపి ఫోటోలు తీయుట, వారి మాటను అనుకరించి నవ్వుట సంస్కారము కాదు. "ఈ వేళప్పుడు ఇక్కడ నిలవొద్దు సారూ" అని వారు చెప్పినచో వాదింపక కదలవలెను. ఆ అడవిని గూర్చి వారికంటె మనకు ఎక్కువ తెలియదు.

ఇల్లు చేరిన పిదప

ప్రయాణము ముగిసిన రెండు మూడు దినములలో మిత్రులిద్దరును ఒకచోట కూర్చుండి, ఏ సూచన మొదట కనబడినది, ఎవరికి కనబడినది, ఎందుకు చెప్పలేదు అను మూడు ప్రశ్నలకు బదులు చెప్పుకొనవలెను. దోషిని నిర్ణయించుట ఈ విచారణకు ప్రయోజనము కాదు. మరుసటి ప్రయాణమున నోరు ఏ క్షణమున తెరువవలెనో తెలియుటయే ప్రయోజనము. మరమ్మతు ఖర్చు ఆనాడే లెక్క చూచి తీర్చివేయవలెను. తీరని లెక్క కొన్నాళ్లకు తీరని మాటగా మారును.

ఈ నియమము కనుమలకు మాత్రమే పరిమితమైనది కాదు. ఇద్దరు కలిసి పెట్టిన దుకాణము మునుగుటకు ముందు ఖాతాలో ఏదో ఒక అంకె వారిలో ఒకనికి కనబడియే యుండును. పెద్దవారి జబ్బు ముదురుటకు ముందు వారి నడకలోని తేడా కోడలికో కొడుకునకో కనబడియే యుండును. చదువు చెడుచున్న పిల్లవాని సంగతి అతని స్నేహితునికి అందరికంటె ముందు తెలియును. వీరిలో ప్రతివారును "నాకెందుకులే, ఏమనుకొంటారో" అని ఊరకుందురు. పిదప అందరును కలిసి విధిని నిందింతురు. విధి చేసినది కొంచెము. ఊరకుండుట చేసినది చాల.

ఆచరణకు

1. ఈ వారములో ఎప్పుడైనను ఎవరి బండిలోనైనను ప్రక్కన కూర్చున్నపుడు, మీకు భయము కలిగించిన వేగమును గాని శబ్దమును గాని, నెమ్మదిగా, నిందలేని మాటతో చెప్పి చూడుడు.

2. మీరు తోలుచున్నపుడు ఎవరైనను అనుమానము చెప్పినచో వాదింపక ఆపి, దిగి, చూచి, కృతజ్ఞత చెప్పుడు. ఒక్కమారు చెప్పిన కృతజ్ఞత పది హెచ్చరికలకు దారి తెరచును.

3. మీ డిక్కీ తెరచి స్టెప్నీలోని గాలిని నేడే చూపించుడు.

4. కనుమ ప్రయాణమునకు తోడుగా వచ్చు మిత్రునితో పైన చెప్పిన నాలుగు ఒప్పందములు, కొంచెము నవ్వులాటగానైనను సరే, నోరార చెప్పించుకొనుడు.

శరత్తులో నల్లమలను చూడకుండుట ఈ సీమవారికి లోటే. భయపడి ఇంట కూర్చుండుమని నేను చెప్పను. పొండు, చూడుడు, సీతాఫలములు తినుడు, వెలుతురుండగనే మరలి రండు. మీతో వచ్చువానిని ఎన్నుకొనునపుడు మాత్రము, మీ ప్రతి మాటకు "అంతేలే" అనువానికంటె, వేళకు "ఆపు బావా" అనగలవానిని ఎన్నుకొనుడు. మీరును అట్టివారే కండు.